జపాను తాత, పచ్చి బొప్పాయి

నా చేతికి బలం ఎక్కువ. గొప్పకి చెప్పుకుంటున్న మాట కాదిది. ఆ బలం నన్ను ఎంత దూరం తీసుకుపోయేదో చెప్పడానికే మొదలుపెట్టాను.

మా తాత విజయనగరం కోటలో కత్తిసాము చేసినవాడు. మా నాన్న కర్రసాముతో సరిపెట్టుకున్నాడు. నా వంతు వచ్చేసరికి సాము చూసేవాళ్ళూ లేరు, ఇంట్లో గింజలూ లేవు. కూలీలని పోగుచేసే కంగాణీ వెంట ఓడెక్కి మలాయా వచ్చి, పేరాక్‌లో ఒక రబ్బరు తోటలో కూలీగా చేరాను. మీసం మాత్రం మా తాత మీసమే. తోటలో దానికి పని లేకపోయినా పొద్దున్నే మెలేయడం మానలేదు.

యూరప్‌లో 1914 నాటి పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాని రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్ళు. నా భార్య నా మేనమామ కూతురు. నాతోపాటే వచ్చి అదే తోటలో చెట్లు గీసేది. నా చెట్ల వంతు పక్కనే ఆమె వంతు.

రబ్బరు చెట్టు గీయడమంటే నరకడం కాదు. బెరడుని ఏటవాలుగా, ఒక సన్నని చారలాగా తీయాలి. పాలు ఉండేది బెరడులోనే. దాని వెనక మాను ఉంటుంది. కత్తి మానుకి తగిలిందా, చెట్టుకి పుండు పడినట్టే. అక్కడ బెరడు సరిగా పెరగదు, బుడిపె కడుతుంది, ఇక ఏళ్ళ తరబడి ఆ చోట పాలు ఉండవు. నా భార్య గీస్తే బెరడు ఉల్లిపొరలాగా రాలేది. నేను గీస్తే రాలేది పొయ్యిలోకి పనికొచ్చేది.

నెలకోసారి దొర తనిఖీకి వచ్చేవాడు. వెనకాల కిరాణి, అంటే తోట గుమస్తా, సున్నం డబ్బా, కుంచె పట్టుకుని నడిచేవాడు. పుండు కనబడిన చోటల్లా చెట్టు మీద తెల్లబొట్టు. ఒకడి వంతులో పది బొట్లు పడితే వాణ్ణి గీతపని నుంచి తీసేసి ఏటి అవతల కొత్తగా అడవి కొడుతున్న చోటికి పంపేవారు. అక్కడ బురద, దోమలు, చలిజ్వరం. మా కూలీ గదుల లైన్లోంచి అక్కడికి వెళ్ళిన ఐదుగురిలో ఇద్దరు పచ్చబడిపోయి తిరిగొచ్చారు. మిగతా ముగ్గురి మూటలే వచ్చాయి.

నా చెట్ల మీద తొమ్మిది బొట్లున్నాయి. నా భార్యకి ఐదో నెల. ఇంకొక్క బొట్టు పడితే నేను అడవికి, ఆమె ఒక్కతే ఈ లైన్లో, పురుడు పోయడానికి తల్లి కూడా లేకుండా. ఆ తొమ్మిది బొట్లు నాకు కంటి మీద కునుకు లేకుండా చేశాయి. అయినా తప్పు నాదని ఒప్పుకుంటే కదా. కత్తి మంచిది కాదని అందరితో చెప్పుకు తిరిగాను. చివరికి కత్తి పట్టుకుని జపాను తాత దగ్గరికి వెళ్ళాను.

తోట బాట వచ్చి పెద్దరోడ్డులో కలిసేచోట చీనావాడి కొట్టు ఉండేది. దాని పక్కన తాటాకు పాక వేసుకుని ఆయన కత్తులు సానపట్టేవాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. నెత్తి మీద వెంట్రుకలు నాలుగు, వీపు మాత్రం నిటారు. ఎక్కడినుంచో తెచ్చుకున్న మూడు సానరాళ్ళు నీళ్ళ తొట్టిలో నానబెట్టి ఉంచేవాడు. మలాయి, అరవం, మా తెలుగు కలిపి మాట్లాడేవాడు. తెలుగు నేర్చింది మా లైనువాళ్ళ దగ్గరే కాబట్టి మా యాసే పలికేది. ఆయన కలగలిపి చెప్పినవన్నీ నేనిక్కడ మా మాటల్లోనే రాస్తున్నాను.

నా కత్తి తీసుకుని బొటనవేలు అంచు మీద ఆనించి చూశాడు. రాయి మీద పెట్టనే లేదు.

"కత్తికేటీ నేదు. సెయ్యి సూపు" అన్నాడు.

చూపించాను. అరచేతిని అటూ ఇటూ తిప్పి, మణికట్టు నొక్కి, "కత్తి పట్టిన ఇంటోడివి" అన్నాడు.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మా తాత సంగతి, కోట సంగతి గడగడా చెప్పేశాను. ఆయన అంతా విని, తనదీ అలాంటి ఇల్లేనన్నాడు. వాళ్ళ దేశంలో దొరకి కత్తి పట్టే వంశాన్ని సమురాయ్ అంటారట. ఇరవయ్యో ఏటివరకూ నడుముకి రెండు కత్తులు కట్టుకుని తిరిగాడట.

"అయితే మనది ఒకటే జాతి తాతా" అన్నాను, మీసం మీద చెయ్యేసి.

"ఒకటే. అందుకే నీ సెట్లు అలగున్నాయి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. లేచి రెండడుగులు వేశాను కూడా. అడవి గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను. నేర్పమని అడగడానికి నోరు రాలేదు. ఆయనే అర్థం చేసుకుని పాక వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ దానంతటదే మొలిచిన బొప్పాయి చెట్లు నాలుగైదు ఉన్నాయి. ఒక పచ్చికాయ కోసి, చిన్న చాకు నా చేతిలో పెట్టాడు.

"తొక్క తియ్యి. పాలు రావాల. లోపలి తెలుపు కనబడకూడదు."

పచ్చి బొప్పాయికీ పాలుంటాయి, రబ్బరు చెట్టుకి ఉన్నట్టే. చేతికి తగిలితే మంట. మొదటి కాయని నేను తొక్క తీయలేదు, చంపేశాను. రెండోదీ అంతే. తాత మూడోది కోసిచ్చాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం పాలు అప్పజెప్పగానే ఆయన పాకకి పోయేవాణ్ణి. ఎక్కడికి పోతున్నానో నా భార్యకి చెప్పలేదు. కోటలో సాము చేసినవాడి మనవణ్ణి, కత్తులు సానపట్టే ముసలాడి దగ్గర కాయల తొక్క తీస్తున్నానని ఎలా చెప్పను?

తాత మొదట నా కాళ్ళు చూశాడు. కత్తి పట్టినవాడి కాళ్ళు మంచివే, మర్చిపోవద్దన్నాడు. చెట్టు చుట్టూ తిరగాల్సింది కాళ్ళేగానీ చెయ్యి కాదట. మణికట్టు మాత్రం తప్పన్నాడు. "నీ సెయ్యి అవతలోడి పానం కోసం ఎతుకుతాది. సెట్టుకి ఆ సెయ్యి ఒద్దు" అన్నాడు.

నేను తొక్క తీస్తుంటే ఆయన రాయి మీద కత్తులు నూరుతూ తన కథ చెప్పేవాడు. ఒక్కరోజులో చెప్పింది కాదు. రోజుకి కొంచెం, అదీ నూరుడు ఆపకుండా, నావైపు చూడకుండా.

ఆయనకి ఇరవై నిండిన కొత్తలో వాళ్ళ రాజు కత్తులు దించేయమన్నాడట. ఏటా జీతంగా వచ్చే బియ్యం కూడా ఆపేశారు. తోటివాళ్ళలో కొందరు కొట్లు పెట్టుకున్నారు, కొందరు పోలీసుల్లో చేరారు, కొందరు పార పట్టుకుని పొలంలోకి దిగారు. ఈయన మాత్రం ఇంట్లో కూర్చున్నాడు.

"ఎవుడో ఒకడు పిలుస్తాడు, మళ్ళీ యుద్ధానికి రమ్మంటాడు అని కూకున్నాను" అన్నాడు.

"ఎన్నాళ్ళు తాతా?"

"ఇరవై నాలుగేళ్ళు."

అన్నాళ్ళూ ఇల్లు నడిపింది ఆయన భార్య. వెదురుపుల్లలకి కాగితం అంటించి గొడుగులు చేసేది. ఆమె గొడుగులు చేస్తుంటే చూడటం నామోషీ అని ఈయన గోడవైపు తిరిగి కూర్చునేవాడు. జిగురు వాసన ఇంటినిండా. ఏం చేస్తున్నావు, ఎలా చేస్తున్నావు అని ఒక్కసారీ అడగలేదట. ఆమె కూడా ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు. వేళకి అన్నం ముందు పెట్టేది.

"ఒక వానాకాలం దగ్గు పట్టుకున్నాది. మూడు రోజులు. అంతే" అన్నాడు.

రాయి మీద కత్తి ఆగింది. ఆ ఒక్కసారే ఆగడం చూశాను.

"నాలుగో రోజు ఆకలేసినాది. వంటింట్లోకి ఎల్లినాను. నా ఇల్లే. బియ్యం ఏ కుండలో ఉన్నాదో నాకు తెలీదు. అన్ని మూతలూ తీసి ఎతికినాను. దొరికినాక ఎసరు ఎంత పెట్టాలో తెలీదు. పక్కింటోళ్ళని అడగడానికి సిగ్గు. పచ్చిబియ్యం నమిలినాను."

తర్వాత కత్తులు అమ్మేసి ఓడెక్కాడు. ఇపో పట్నంలో ఒక జపాను ఫొటోల కొట్టుకి కొన్నాళ్ళు కాపలా ఉన్నాడు. అది మూతపడ్డాక ఇక్కడికొచ్చి సానరాళ్ళు పెట్టుకున్నాడు. మూడు పూటలా చీనావాడి కొట్లోనే తినేవాడు.

"ఇప్పటికీ వండటం రాదేటి తాతా?" అన్నాను, నవ్వుతూ.

"రాదు" అన్నాడు. ఆయన నవ్వలేదు. "బతుకంతా పాడుసేసుకున్నాను తమ్ముడా. యుద్ధం రానందుకు కాదు. మంచి పనిమంతురాలి పక్కన ఇరవై నాలుగేళ్ళు కూకుని, ఏటీ నేర్సుకోనందుకు."

ఆ కథలో నాకు రాజు చేసిన అన్యాయమే వినబడింది. పాపం, ఎంత వంశం ఎలా అయిపోయిందని బాధపడ్డాను. తన గురించి చెబుతూ నాకే చెబుతున్నాడేమోనని నా బుర్రకి తట్టలేదు. నా చెవుల పనితనం కూడా నా చేతిలాగే ఉండేది.

పది రోజులకి ఒక కాయ తొక్క మొత్తం, తెలుపు కనబడకుండా తీశాను. పొరపాటున కాదు, మళ్ళీ ఇంకోటి, ఇంకోటి, నాలుగు తీశాను. పచ్చగా, నున్నగా, పాలచుక్కలతో ఉన్న ఆ కాయల్ని చూసుకుని నేను పొంగిపోయిన తీరు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. వాటిని పారేయడానికి మనసొప్పలేదు. గోనెసంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళాను. కూర వండుతుంది కదా, తింటూ మెల్లగా అసలు సంగతి చెబుదామనుకున్నాను.

నా భార్య గడప దగ్గర కూర్చుని హుటాన్ మెలింటాంగ్ రేవు నుంచి వచ్చిన ఎండుచేపల తలలు తీస్తోంది. పక్కగది ముసలమ్మ, లైను మొత్తానికి మంత్రసాని, మేమంతా మామ్మ అని పిలిచే మనిషి, ఆమె పక్కనే ఉంది. నేను సంచి విప్పి నాలుగు కాయలూ నా భార్య ముందు పెట్టాను.

"కూర సెయ్యి. నువ్వు బాగా తినాల" అన్నాను.

ఆమె చేతిలో చేప జారిపోయింది. లేచి, గోడకి ఆనుకుని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. మామ్మ ఒక కాయ తీసి నా కాళ్ళ దగ్గరకి విసిరింది.

"కడుపుతో ఉన్నదానికి పచ్చిబొప్పాయి తెస్తావేటిరా? కడుపు పోగొట్టడానికా?"

మావాళ్ళలో కడుపుతో ఉన్న మనిషి పచ్చిబొప్పాయి ముట్టదు. ఆడవాళ్ళందరికీ తెలిసిన మాట అది. నాకు తెలియదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. సాము నేలలో మగవాళ్ళ మధ్య పెరిగాను. ఏ తిండి ఎవరికి పడదో నాకెవరు చెబుతారు? పాపం తాతకి అసలే తెలియదు. కానీ అదంతా ఆ క్షణాన ఎవరు నమ్ముతారు?

నా భార్య ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నా కళ్ళలోకి చూసి అడిగింది.

"పది దినాలై మధ్యానం ఇంటికి రావు. ఎక్కడికెల్తున్నావో సెప్పవు. నీకు ఈ బిడ్డ వొద్దా మావా?"

నా ప్రాణం చచ్చిపోయింది. నేను ఇన్నాళ్ళూ తిప్పలు పడింది ఆ బిడ్డ కోసమే. మీసం, వంశం అన్నీ పక్కన పెట్టి నేల మీద చతికిలబడి మొత్తం చెప్పేశాను. తొమ్మిది బొట్లు, అడవి, భయం, తాత, తొక్కలు.

"ఆ తాత ఎప్పుడైనా రబ్బరు సెట్టు గీసినాడా?" అని అడిగింది.

"నేదు."

మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా భార్యకి నవ్వు రాలేదు. అప్పుడొచ్చాయి కన్నీళ్ళు.

"నీ పక్క వంతు నాదే కద మావా. రోజూ నీ పక్కనే గీస్తన్నాను. నన్నెందుకు అడగనేదు?"

ఉన్న జవాబు చెప్పుకోలేనిది. ఆడదాన్ని, అందులోనూ పెళ్ళాన్ని, నేర్పమని అడగడమా అనుకున్నాను. గోడవైపు తిరిగి కూర్చున్న తాత అప్పుడు కనబడ్డాడు నాకు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. తల ఎత్తకుండానే అడిగాను.

"రేపు సూపిస్తావేటి?"

"సూపిస్తాను" అంది, ముక్కు చీదుకుంటూ.

మర్నాడు తెల్లవారుతుండగానే నా మొదటి చెట్టు దగ్గర నిలబడ్డాం. ఆమె నా మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించింది. "బిగబట్టకు. ఊపిరి వొదుల్తూ లాగు. కత్తి దానంతటదే పోతాది, నువ్వు దాని ఎనక ఎల్లు" అంది. రెండు చెట్లు అలా చేయించింది. మూడో చెట్టుకి వేళ్ళు తీసేసింది. బెరడు పలచగా రాలింది. పాలు చారలో నిండి చిప్పలోకి దిగాయి. నేను చెట్టు చుట్టూ తిరుగుతుంటే నా కాళ్ళవైపు వింతగా చూసింది.

"ఈ అడుగులు ఎక్కడ నేర్సినావు? నాకంటే బాగున్నాయి" అంది.

తాత నేర్పింది వృథా పోలేదు. ఆయన కాళ్ళు దిద్దాడు, ఆమె చెయ్యి దిద్దింది.

ఆ మధ్యాహ్నం తాత దగ్గరకి వెళ్ళి బొప్పాయి గొడవ చెప్పాను, కొంచెం కోపంగానే. ఆయన ముఖం పాలిపోయింది. మరుసటి సాయంత్రం ఉతికిన బట్టలు కట్టుకుని మా లైనుకి వచ్చాడు. మా గది ముందు నిలబడి, నా భార్యకి నడుం విరిగేలా వంగి దండం పెట్టాడు. అంత పెద్దాయన అలా వంగేసరికి లైను లైనంతా బయటికొచ్చింది. నా భార్య బెదిరిపోయి, "లెగండి తాతా, మీకేటి తెలుసు" అంది.

తిరిగి వెళ్తూ నన్ను పక్కకి పిలిచాడు.

"నువ్వు అడిగినాక ఆ పిల్ల ఏటన్నాది?"

"సూపిస్తానన్నాది."

"అంతేనా? తిట్టనేదా? నవ్వనేదా?"

"నేదు తాతా. అంతే."

"అంత సులువా" అని తనలో తనే అనుకుంటూ వెళ్ళిపోయాడు.

తనిఖీ రోజు వచ్చింది. దొర ముందు, కిరాణి వెనక, వాళ్ళ వెనక నేను. ఒక్కొక్క చెట్టు దాటుతుంటే నా ప్రాణం ఒక్కొక్క మెట్టు దిగి ఎక్కుతోంది. ఆఖరు వరసలో ఒక చెట్టు దగ్గర దొర ఆగాడు. బుడిపె. కిరాణి కుంచె సున్నంలో ముంచాడు. పక్క వంతులోంచి నా భార్య పని ఆపి చూస్తోంది. దొర వంగి బుడిపెని గోటితో గీకాడు. వానకి కొట్టుకుపోగా మిగిలిన పాత సున్నం తెల్లగా కనబడింది. అది నా తొమ్మిదో బొట్టే. పాతదేనన్నట్టు తల ఊపి, కొత్త గీతల మీద వేలు పోనిచ్చి చూసి, కిరాణితో ఏదో అని ముందుకి నడిచాడు.

"బాగా గీస్తున్నావంట" అన్నాడు కిరాణి, కుంచె దులుపుకుంటూ.

నాకు ఏడుపొచ్చింది. చెట్టుని కౌగలించుకున్నాను. ఒంటినిండా పాలు అంటుకున్నాయి, మర్నాటిదాకా వదల్లేదు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు నేను గీతగాళ్ళ మీద మేస్త్రీని. కొత్తగా వచ్చిన మగాడికి ముందు ఆ బుడిపె చూపిస్తాను. ఆ ఏడాది వానల్లో పుట్టిన నా కూతురు అదే వరసలో పదిహేనేళ్ళకే కత్తి పట్టి నన్ను మించిపోయింది.

తనిఖీ అయ్యాక ఈ మాట ముందు తాతకి చెప్పాలని పాకకి పరిగెత్తాను. పాక మూసి ఉంది. చీనావాడి కొట్లోనూ లేడు. ఆ రోజు తిండికే రాలేదన్నాడు చీనావాడు. గాబరాగా ఇంటికొచ్చాను.

తాత మా పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నాకంటే ముందే ఇల్లు చేరిన నా భార్య పీట మీద కూర్చుని ఉంది, మామ్మ తలుపుకి ఆనుకుని ఉంది. తాత చేతిలో గరిటె, ముఖమంతా మసి. కళ్ళు పొగకి ఎర్రబడ్డాయి.

"బియ్యం మీద ఏలు పెట్టి సూడండి తాతా. నీల్లు మొదటి గణుపుదాకా రావాల" అని చెబుతోంది నా భార్య. ఆయన వేలు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. కత్తి అంచు చూసే వేలే అది.

నేను తనిఖీ సంగతి చెప్పాను. నా భార్య నావైపు చూసి కళ్ళు తుడుచుకుంది. తాత తల ఊపి, మళ్ళీ కుండవైపు తిరిగాడు. ఎప్పుడు దించాలో చూసుకోవాలట, కదలనన్నాడు.

అయినా అడుగు మాడింది. పైన కొంచెం పలుకు. నలుగురం ఆకులు వేసుకుని కూర్చున్నాం. తాత తన చేత్తోనే వడ్డించాడు. అందరికంటే ముందు, మాడని చోటు నుంచి ఒక ముద్ద తీసి, విడిగా ఒక ఆకులో పెట్టి, గోడవైపు కాకుండా తన ఎదురుగా ఉంచాడు.

"ఇది మా ఆవిడికి. నాను వండినాను" అన్నాడు.

మాడిన అన్నం నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మేం పాలు అప్పజెప్పి వచ్చేసరికి ఆయన మా గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గుప్పెడు కందిపప్పు మూట.

"అమ్మా, దీనికి ఎసరెంత?" అని అడిగాడు.